కొత్తవాడ జంపఖానాల సంస్థకు వచ్చిన నకిలీ పేపాల్ ఈమెయిల్: ఒక కేస్ స్టడీ

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేయించి విదేశాలకు పంపే ఒక కుటుంబ సంస్థ, ఆన్‌లైన్ చెల్లింపుల సేవ అయిన పేపాల్ పేరుతో వచ్చిన నకిలీ ఈమెయిల్ వల్ల ఎలా నష్టపోయిందో, ఆ నష్టంలో ఎంత భాగాన్ని ఏ విధంగా అడ్డుకోగలిగామో ఇక్కడ వివరిస్తున్నాను. వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ప్రాంతాల్లోని చిన్న వ్యాపార సంస్థలకు కంప్యూటర్ భద్రత విషయంలో సహాయం చేయడం నా వృత్తి. యజమాని అనుమతితోనే ఈ వివరాలు రాస్తున్నాను. కుటుంబాన్ని గుర్తుపట్టడానికి వీలిచ్చే అంశాలను, బ్యాంకు పేరును వదిలేశాను. మొత్తాలను సుమారుగా చెప్పాను.

మోసపు ఈమెయిళ్ల గురించి మన దగ్గర జరిగే అవగాహన సభల్లో ఎక్కువగా చెప్పేది అక్షర దోషాల గురించి, లాటరీల గురించి, బెదిరింపు మాటల గురించి. ఈ కుటుంబానికి వచ్చిన ఉత్తరంలో వాటిలో ఒక్కటి కూడా లేదు. దానిని తెరిచిన వ్యక్తి, అంటే యజమాని కోడలు, బీకాం చదివి, ఏళ్ల తరబడి సంస్థ లెక్కలను పైసా తేడా రాకుండా చూస్తున్న మనిషి. అందువల్ల అజాగ్రత్త అనే ఒక్క మాటతో ఈ కేసును పక్కన పెట్టడానికి నేను ఒప్పుకోను. ఆ సాయంత్రం ఆ ఉత్తరం ఎందుకు నమ్మదగినదిగా కనిపించిందో తెలిస్తేనే, రేపు ఇంకొకరు దాన్ని నమ్మకుండా ఏం చేయాలో తెలుస్తుంది.

ఉత్తరం రావడానికి ముందు

వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. ఈ సంస్థ ఆ విషయాన్ని తన వెబ్‌సైట్‌లో ముందు పేజీలోనే పెట్టుకుని, యూరప్‌లోని చిన్న దుకాణాలకు నేరుగా సరుకు అమ్ముతుంది. పెద్ద ఆర్డర్లకు బ్యాంకు ద్వారా, నమూనాలకూ చిన్న ఆర్డర్లకూ పేపాల్ ద్వారా డబ్బు వస్తుంది. పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో దేశీయ చెల్లింపుల సేవను నిలిపివేసి, విదేశాల నుంచి వచ్చే చెల్లింపులకే పరిమితమైంది. కాబట్టి ఇక్కడి వ్యాపారికి ఆ పేరుతో ఉత్తరం వచ్చిందంటే, విదేశీ ఆర్డరు డబ్బు గురించే అని వెంటనే అనిపిస్తుంది.

ఇంకో విషయం కూడా గమనించాలి. విదేశాల నుంచి వచ్చిన సొమ్ము పేపాల్ ఖాతాలో నిల్వ ఉండదు, మన బ్యాంకు ఖాతాకు బదిలీ అవుతుంది. ఆ సొమ్ము ఎందుకోసం వచ్చిందో తెలిపే పర్పస్ కోడ్ ఇవ్వవలసి ఉంటుంది. కొనుగోలుదారు డబ్బు కట్టానని చెప్పడానికీ, బ్యాంకు ఖాతాలో జమ కావడానికీ మధ్య కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో వ్యాపారి మనసంతా ఆ డబ్బు మీదే ఉంటుంది. ఈ మోసం సరిగ్గా అక్కడే పని చేసింది.

సద్దుల బతుకమ్మకు ముందు రోజు సాయంత్రం ఉత్తరం వచ్చింది. పండుగ లోపల నేతగాళ్లకు కూలి డబ్బులు ఇవ్వాలి. జర్మనీలోని ఒక కొనుగోలుదారు ఆ వారంలో డబ్బు పంపుతానని ముందే చెప్పి ఉన్నాడు. యజమాని మరునాడు నాతో అన్న మాట ఇది: "సారూ, పైసలు పంపుతా అన్నడు, అకౌంట్ల పడలేదు. ఇగ ఆ మెయిల్ వచ్చేసరికి, గిదే కావచ్చు ఆగింది అనుకున్నం."

ఏం జరిగింది

పర్పస్ కోడ్ ధ్రువీకరించనందున మీకు వచ్చిన చెల్లింపును తాత్కాలికంగా నిలిపివేశామని, 24 గంటల్లో వివరాలు సరిచూడకపోతే సొమ్ము పంపినవారికి తిరిగి వెళ్తుందని ఆ ఉత్తరం సారాంశం. ఇంగ్లిష్ తప్పుల్లేకుండా, మర్యాదగా ఉంది. లోగో, రంగులు, చివరన చిన్న అక్షరాల్లో ఉండే నిబంధనలు అన్నీ అసలు ఉత్తరంలో ఉన్నట్టే ఉన్నాయి.

తర్వాత మేము ఆ ఉత్తరాన్ని నింపాదిగా చదివినప్పుడు బయటపడిన సంగతి ఏమిటంటే, అందులో ఎంత మొత్తం వచ్చిందో లేదు, ఎవరు పంపారో లేదు, లావాదేవీ సంఖ్య కూడా లేదు. యజమాని కోడలు ఆ ఖాళీలను తన మనసులో ఉన్న జర్మనీ ఆర్డరుతో నింపుకుని చదివింది. మోసగాళ్లకు ఆ ఆర్డరు సంగతి తెలిసి ఉంటుందని కుటుంబం చాలా రోజులు అనుమానపడింది, నేతగాళ్లలో ఎవరో చెప్పారేమోనని కూడా అనుకుంది. ఆ అనుమానానికి ఆధారమేమీ నాకు దొరకలేదు. ఇదే ఉత్తరాన్ని వేల మంది ఎగుమతిదారులకు పంపితే, వారిలో కొందరైనా ఆ రోజు ఏదో ఒక చెల్లింపు కోసం ఎదురుచూస్తూ ఉంటారు.

సంబోధన సంగతి కూడా చెప్పాలి. పేపాల్ తన ఉత్తరాల్లో ఖాతాదారును నమోదైన పేరుతో, లేదా వ్యాపార సంస్థ పేరుతో పలకరిస్తుంది. పేరు లేని పలకరింపు ఉంటే అనుమానించమని అందరూ చెబుతారు. ఇక్కడ పలకరింపులో సంస్థ పేరే ఉంది. కారణం చాలా చిన్నది: సంస్థ ఈమెయిల్ చిరునామాలో మొదటి భాగమే సంస్థ పేరు. మోసగాళ్ల సాఫ్ట్‌వేర్ చిరునామాలోని ఆ మొదటి భాగాన్ని తీసి పలకరింపులో పెట్టింది, అంతే.

ఆమె ల్యాప్‌టాప్‌లో ఆ ఉత్తరంలోని బటన్ నొక్కింది. పేపాల్ లాగిన్ పేజీ వంటిదే తెరుచుకుంది. రోజూ ఆ పేజీలో బ్రౌజర్ తనంతట తానే పాస్‌వర్డ్ నింపేది, ఆ రోజు నింపలేదు. బ్రౌజర్‌కు ఏదో అయిందనుకుని, బీరువాలోంచి డైరీ తీసి, అందులో రాసుకున్న పాస్‌వర్డ్‌ను చేత్తో టైప్ చేసింది. ఈ కేసు మొత్తంలో ప్రమాదాన్ని ముందుగా పసిగట్టినది ఆ బ్రౌజర్ ఒక్కటే. భద్రపరిచిన పాస్‌వర్డ్ ఏ వెబ్ చిరునామాకు చెందినదో ఆ చిరునామాలోనే అది నింపుతుంది, పేజీ చూడటానికి ఎంత అచ్చంగా ఉన్నా లెక్కచేయదు. ఆ మౌనాన్ని హెచ్చరికగా చదవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

లాగిన్ తర్వాత ఫోన్‌కు వచ్చిన కోడ్ అడిగింది, ఇచ్చింది. అవతల మోసగాడు అదే సమయంలో ఆ వివరాలతో అసలు సైట్‌లో ప్రవేశిస్తున్నాడు కాబట్టి, ఆ కోడ్ నిజమైన సంస్థ నుంచే వచ్చింది. తర్వాతి పేజీ గుర్తింపు కోసమంటూ కార్డు వివరాలు అడిగింది. బ్యాంకు నుంచి వచ్చిన ఓటీపీ సందేశంలో, రూ. 38 వేల పైచిలుకు మొత్తానికి ఒక గిఫ్ట్ వోచర్ల సైట్‌లో కొనుగోలు అని స్పష్టంగా ఉంది. అయితే ఫోన్‌లో కీబోర్డు పైన ఆరు అంకెలు మాత్రమే విడిగా కనిపిస్తాయి. ఆమె ఆ అంకెలు చూసి కొట్టింది, సందేశం తెరిచి చదవలేదు. చివరకు పేజీ తనంతట తానే అసలు పేపాల్ సైట్‌కు వెళ్లిపోయింది. దాంతో పని పూర్తయిందని ఆమె బతుకమ్మకు పూలు తేవడానికి వెళ్లింది.

రాత్రి అదే కార్డు మీద రూ. 21 వేల దాకా విదేశీ లావాదేవీ ఒకటి జరిగినట్టు సందేశం వచ్చింది. దీనికి ఓటీపీ అడగనే లేదు. విదేశీ సైట్లలో చాలా చోట్ల ఆ రెండో అంచె తనిఖీ ఉండదు. కొరియర్ సాఫ్ట్‌వేర్ చందా కట్టడానికి ఈ కార్డులో విదేశీ వాడకాన్ని ఎప్పుడో ఆన్ చేసి, మళ్లీ ఆఫ్ చేయలేదు.

మొదటి గంటలో చేసిన పనులు

ఆ సందేశం చూసి యజమాని కుమారుడు నాకు ఫోన్ చేశాడు. నాతో మాట్లాడటం ఆపి ముందు 1930కు ఫోన్ చేయమన్నాను. జాతీయ సైబర్ క్రైం హెల్ప్‌లైన్ అయిన ఆ నంబరు పండుగ రాత్రి కూడా పని చేస్తుంది. ఫిర్యాదు నమోదు కాగానే ఆ సమాచారం సంబంధిత బ్యాంకుకు, చెల్లింపు సంస్థకు చేరుతుంది. సొమ్ము ఇంకా అక్కడే ఉంటే నిలిపివేస్తారు. లావాదేవీ సంఖ్య, తేదీ, మొత్తం, కార్డు వివరాలు చేతిలో ఉంచుకుని ఫోన్ చేస్తే సమయం వృథా కాదు. రెండో ఫోన్ బ్యాంకుకు చేసి కార్డును బ్లాక్ చేయించారు. మరునాడు ఉదయం సైబర్ క్రైం పోర్టల్‌లో వివరంగా ఫిర్యాదు పెట్టి, ఆ తర్వాత వరంగల్ కమిషనరేట్ సైబర్ క్రైం ఠాణాలో లిఖితపూర్వకంగా ఇచ్చారు. ఐటీ చట్టంలోని 66సీ, 66డీ సెక్షన్లు ఇలాంటి కేసులకు వర్తిస్తాయి. ఇతరుల పాస్‌వర్డ్ వంటి గుర్తింపు వివరాలను దొంగతనంగా వాడటం మొదటిది, కంప్యూటర్ సాయంతో వేరొకరిలా నటించి మోసం చేయడం రెండోది. రెండింటికీ మూడేళ్ల వరకు జైలు శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి.

బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపడంలో ఆలస్యం చేయకూడదు. రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బ్యాంకుదీ ఖాతాదారుదీ కాని లోపం వల్ల సొమ్ము పోతే, సమాచారం అందిన మూడు పని దినాల లోపు తెలిపిన ఖాతాదారుకు బాధ్యత ఉండదు. ఖాతాదారే వివరాలు ఇచ్చి ఉంటే, బ్యాంకుకు తెలిపేంత వరకు జరిగిన నష్టం ఖాతాదారుదే, తెలిపిన తర్వాత జరిగేది బ్యాంకుది. కాబట్టి ఫిర్యాదు చేసిన నిమిషానికి కూడా విలువ ఉంది. ఆ నిమిషాన్ని రుజువు చేసే ఫిర్యాదు సంఖ్యను రాసిపెట్టుకోవాలి.

ఉత్తరం లోపలి ఆనవాళ్లు

మరునాడు నేను ఆ ఉత్తరాన్ని పరిశీలించాను. ఉత్తరాన్ని ఇంకొకరికి ఫార్వర్డ్ చేస్తే అసలు హెడర్లు, అంటే అది ఎక్కడి నుంచి ఏ దారిలో వచ్చిందో తెలిపే సాంకేతిక వివరాలు, పోతాయి, స్క్రీన్‌షాట్‌లో అవి రానే రావు. అందుకే జీమెయిల్‌లో మూడు చుక్కలు నొక్కి, 'షో ఒరిజినల్' ద్వారా మొత్తం ఫైలును డౌన్‌లోడ్ చేసి, దాని హాష్ విలువను, అంటే ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే వేలిముద్ర వంటి సంఖ్యను, నమోదు చేశాను. భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రంలో ఆ విలువ రాయవలసి ఉంటుంది.

హెడర్లలో చూస్తే, ఉత్తరం ఎక్కడి నుంచి వచ్చిందో పరీక్షించే ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు తనిఖీల్లోనూ 'పాస్' అని ఉంది. యజమాని కుమారుడు పక్కన కూర్చుని చూస్తున్నాడు. "అన్నా, మూడు పాస్ అయినయి గదా, మరి నకిలీ ఎట్లయితది?" అని అడిగాడు. కంప్యూటర్ తెలిసినవారు కూడా ఇక్కడ పొరపడటం నేను చూశాను కాబట్టి, అతనికి చెప్పిన జవాబును ఇక్కడ కూడా రాస్తున్నాను. పంపిన సర్వర్‌కు ఆ డొమైన్ (ఈమెయిల్ చిరునామాలో @ తర్వాత ఉండే పేరు) తరఫున ఉత్తరాలు పంపే అనుమతి ఉందా అని ఎస్పీఎఫ్ చూస్తుంది. ఉత్తరం మీది డిజిటల్ సంతకం సరైనదేనా అని డీకిమ్ చూస్తుంది. ఆ రెండింటిలో ఒకటైనా, పంపినవారి చిరునామాలో కనిపించే డొమైన్‌తో పొసగుతోందా అని డీమార్క్ చూస్తుంది. మూడూ ఆ డొమైన్ గురించే మాట్లాడతాయి; ఆ డొమైన్ యజమాని మంచివాడా, దొంగా అన్నది వాటి పని కాదు. ఇక్కడ మోసగాడు పేపాల్ పేరుకు ఒక గీత, ఇంకో మాట తగిలించి సొంతంగా ఒక డొమైన్ కొన్నాడు, దానికి ఈ రికార్డులన్నీ పద్ధతిగా పెట్టుకున్నాడు. ఉత్తరం ఆ డొమైన్ నుంచే వచ్చిందన్న మాట నిజం. ఆ డొమైన్‌కు పేపాల్‌తో సంబంధం లేదన్న మాట కూడా అంతే నిజం. ఉత్తరం రావడానికి కొద్ది రోజుల ముందే ఆ డొమైన్ నమోదైంది.

ఫోన్‌లో చదివేవారికి పంపినవారి స్థానంలో పేరు మాత్రమే కనిపిస్తుంది, చిరునామా కనిపించదు. ఆ పేరును పంపేవారు తమ ఇష్టం వచ్చినట్టు పెట్టుకోవచ్చు. పేరు మీద నొక్కి చిరునామా చూసినా, కన్ను మోసపోయే వీలుంది. 2000 సంవత్సరంలోనే పేపాల్ పేరులోని చివరి చిన్న 'ఎల్' స్థానంలో పెద్ద 'ఐ' పెట్టి ఖాతాదారులను మోసం చేశారు. చాలా ఫాంట్లలో ఆ రెండు అక్షరాలకూ తేడా తెలియదు.

బటన్ వెనుక ఉన్న వెబ్ చిరునామా 'పేపాల్ డాట్ కామ్' అనే మొదలైంది, కానీ అక్కడితో ఆగలేదు. దాని తర్వాత మరో చుక్క, మరికొన్ని మాటలు, చివరకు వేరే డొమైన్ ఉన్నాయి. వెబ్ చిరునామాను ఎడమ నుంచి చదివితే ఇలాగే మోసపోతాం. రెండు అడ్డగీతల (//) తర్వాత వచ్చే మొదటి ఒంటి అడ్డగీత (/) దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదవాలి. ఆ గీతకు ఎడమ పక్కన ఆనుకుని ఉన్న చివరి రెండు భాగాలే యజమాని పేరు. 'డాట్ సీఓ డాట్ ఇన్' వంటివైతే మూడు. దానికి ముందు ఎంత ప్రసిద్ధమైన పేరు ఉన్నా లెక్క లేదు. చిరునామా పక్కన తాళం గుర్తు ఉంటే సురక్షితమనే మాట కూడా ఇక చెప్పకూడదు. ఆ గుర్తు రావడానికి సైట్‌కు కావలసిన ధ్రువపత్రాలు ఉచితంగా దొరుకుతాయి, దొంగ సైట్లకూ ఉంటాయి. క్రోమ్ బ్రౌజర్ 2023లో ఆ తాళం గుర్తునే తీసేసింది.

ఇంత వివరంగా రాసిన తర్వాత కూడా, ఈ ఆనవాళ్లను గుర్తుపట్టడం మీదే ఆధారపడమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. మోసగాళ్లు పేపాల్‌లోనే ఖాతా తెరిచి, అందులోని ఇన్‌వాయిస్ సదుపాయంతో బిల్లు పంపే పద్ధతి ఒకటి చాలా కాలంగా నడుస్తోంది. ఆ ఉత్తరం అసలు పేపాల్ చిరునామా నుంచే వస్తుంది, హెడర్లన్నీ సరిగ్గానే ఉంటాయి, లింకు కూడా అసలుదే. మోసమంతా గమనిక గడిలో రాసిన ఫోన్ నంబరులో ఉంటుంది. మీరు చేయని కొనుగోలును రద్దు చేయాలంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి అంటారు; చేస్తే స్క్రీన్‌ను దూరం నుంచి నడిపే యాప్ పెట్టిస్తారు. ఉత్తరాన్ని ఎంత సూక్ష్మంగా పరీక్షించినా అందులో నకిలీ అన్నది దొరకదు.

మెయిల్‌బాక్సులో దాగిన రెండో మోసం

కార్డు బ్లాక్ అయింది, పేపాల్ పాస్‌వర్డ్ మార్చాం. కుటుంబం దృష్టిలో అక్కడితో ప్రమాదం తీరిపోయింది. డైరీలో చూస్తే ఈమెయిల్‌కూ అదే పాస్‌వర్డ్ ఉంది. ఇంటికీ దుకాణానికీ ఒకే తాళంచెవి ఉన్నట్టయింది. జీమెయిల్ సెట్టింగులు తెరిచి ఫిల్టర్ల పేజీ చూస్తే, ఎవరూ పెట్టని నియమం ఒకటి కనిపించింది: జర్మనీ కొనుగోలుదారు చిరునామా నుంచి వచ్చే ప్రతి ఉత్తరం ఇన్‌బాక్సులో కనబడకుండా ఆర్కైవ్‌కు వెళ్లాలి, చదివినట్టు గుర్తు పడాలి. పంపిన ఉత్తరాల్లో ఏమీ లేదు. చెత్తబుట్టలో మాత్రం, కోడలి పేరుతో ఆ కొనుగోలుదారుకు వెళ్లిన జవాబు దొరికింది. మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై ఈ ఖాతాకు పంపండి అంటూ యూరప్‌లోని వేరే దేశపు ఖాతా సంఖ్య అందులో ఉంది. పాత ఉత్తరాల వరుసలోనే, పాత సంబోధనతోనే రాశారు.

కార్డు మీద పోయిన సొమ్ము కంటే ఈ ఆర్డరు సొమ్ము చాలా ఎక్కువ. వెంటనే వాట్సాప్‌లో కాకుండా నేరుగా ఫోన్ చేసి, కొనుగోలుదారుతో మాట్లాడించాను. ఆయన బ్యాంకులో బదిలీకి ఆదేశం సిద్ధం చేశాడు గానీ ఇంకా పంపలేదు. ఈ మాట విన్నప్పుడు యజమాని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఇక్కడ ఒక సాంకేతిక విషయాన్ని గట్టిగా చెప్పాలి. ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఇలాంటి ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ చిరునామాలు తొలగిపోవు. పాస్‌వర్డ్ మార్చాక కూడా ఉత్తరాలు దారి మళ్లుతూనే ఉంటాయి. ఫిల్టర్లు, ఫార్వర్డింగ్, రికవరీ ఫోన్ నంబరు, ఖాతాకు అనుమతి పొందిన యాప్‌లు, లాగిన్ అయి ఉన్న పరికరాలు, వీటన్నిటినీ ఒక్కొక్కటిగా తెరిచి చూడాలి.

ఇప్పుడు అక్కడ పాటిస్తున్న పద్ధతి

డబ్బు గురించి ఏ ఈమెయిల్ వచ్చినా, అందులోని లింకు ద్వారా ఖాతాలోకి వెళ్లడం ఆ సంస్థలో పూర్తిగా మానేశారు. ఉత్తరం నిజమా అబద్ధమా అన్న చర్చే పెట్టుకోరు. ఉత్తరాన్ని మూసి, యాప్ తెరుస్తారు, లేదా బ్రౌజర్‌లో ముందే భద్రపరిచిన బుక్‌మార్క్ నొక్కుతారు. సొమ్ము నిజంగా ఆగి ఉంటే ఆ సంగతి ఖాతాలోనే కనిపిస్తుంది, అక్కడ లేకపోతే ఉత్తరంతో పని లేదు. అలసిపోయిన సాయంత్రం కూడా పాటించగలిగిన పద్ధతి ఇది. అందుకే నా సలహాల్లో దీనికి మొదటి స్థానం ఇస్తాను.

పాస్‌వర్డ్‌ల డైరీని పక్కన పెట్టి పాస్‌వర్డ్‌లను భద్రపరిచి సరైన సైట్‌లో తానే నింపే పాస్‌వర్డ్ మేనేజర్ మొదలుపెట్టాం. అది నింపని చోట చేత్తో టైప్ చేయకూడదన్నది నియమం. ఈమెయిల్ ఖాతాకు పాస్‌కీ పెట్టాం, అంటే పాస్‌వర్డ్‌కు బదులు ఫోన్ లేదా కంప్యూటర్‌లోని తాళంతోనే లాగిన్ అయ్యే పద్ధతి. గూగుల్ 2023 నుంచి ఈ సదుపాయం ఇస్తోంది. పాస్‌కీ అసలు డొమైన్‌లో తప్ప పనిచేయదు కాబట్టి, నకిలీ పేజీలో ఇవ్వాలన్నా ఇవ్వడానికి వీలు కాదు. కార్డులో విదేశీ వాడకాన్ని చందా కట్టే రోజున ఆన్ చేసి, వెంటనే ఆఫ్ చేస్తున్నారు. రిజర్వ్ బ్యాంకు 2020 జనవరిలో ఇచ్చిన ఆదేశాల వల్ల ఈ స్విచ్ ప్రతి ఖాతాదారు చేతిలోనూ ఉంది, వాడేవారే తక్కువ. ఓటీపీని కీబోర్డు పైనుంచి కాక సందేశం తెరిచి, మొత్తం, దుకాణం పేరు చదివిన తర్వాతే ఇవ్వాలని కోడలే ఇంట్లో అందరికీ చెప్పింది.

మన బ్యాంకుల విషయంలో ఒక మేలు జరిగింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31లోగా తమ సైట్లను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అనే ప్రత్యేక డొమైన్‌కు మార్చాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. ఆ డొమైన్లను రిజర్వ్ బ్యాంకు నెలకొల్పిన, హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ బ్యాంకులకు మాత్రమే ఇస్తుంది. బ్యాంకు పేరుతో వచ్చే ఉత్తరాన్ని పోల్చుకోవడానికి ఇది బాగా పనికివస్తుంది, విదేశీ చెల్లింపు సేవలకు మాత్రం వర్తించదు.

విదేశీ లావాదేవీని బ్యాంకు వివాదంగా స్వీకరించి, ఆ మొత్తాన్ని తిరిగి జమ చేసింది. ఓటీపీ ఇచ్చిన మొదటి లావాదేవీకి బాధ్యత ఖాతాదారుదేనని చెప్పింది. అయితే 1930 ఫిర్యాదు చేరేసరికి ఆ వోచర్లలో కొన్ని ఇంకా వాడబడలేదు, వాటి విలువ మేరకు సొమ్మును నిలిపివేశారు. తెలంగాణలో ఇలా నిలిపివేసిన సొమ్మును జాతీయ లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు ఇప్పిస్తున్నారు. ఈ కుటుంబం దరఖాస్తు పెట్టుకుంది, ఉత్తర్వు ఇంకా రాలేదు. జర్మనీ ఆర్డరు సొమ్ము పాత ఖాతాకే జమ అయింది. సంస్థ పంపే ప్రతి ఇన్‌వాయిస్ అడుగున ఇప్పుడు ఒక వాక్యం అచ్చవుతోంది: మా బ్యాంకు ఖాతా వివరాలు మారినట్టు ఈమెయిల్ వస్తే, మీ దగ్గర ముందు నుంచి ఉన్న నంబరుకు ఫోన్ చేసి మాతో మాట్లాడకుండా డబ్బు పంపవద్దు.